గరాజ్‌లో బిగించుకున్న కోబ్రాకి కాలిఫోర్నియాలో టైటిల్, నంబర్ ప్లేటు ఎలా తెచ్చుకోవాలి

ఫ్రీమాంట్‌లోనో శాన్ రామన్‌లోనో రెండు కార్ల గరాజ్ ఉండి, అందులో ఒక పక్క కోబ్రా అనే పాత స్పోర్ట్స్ కారు రెప్లికా (నకలు) కిట్ బిగిద్దామన్న ఆలోచన మీకుంటే, ఇది కిట్‌కి డబ్బు కట్టకముందే చదవండి. బిగించాక చదివితే సగమే పనికొస్తుంది, ఎందుకంటే తర్వాత డీఎంవీ (రాష్ట్ర వాహనాల శాఖ) వాళ్లూ హైవే పెట్రోల్ (హైవే పోలీసు) వాళ్లూ అడిగే కాగితాల్లో చాలావరకు భాగాలు కొన్న రోజునే పుట్టాలి, ఏడాది తర్వాత పుట్టించలేం. ఇక్కడ నేను చెప్పేదంతా కాలిఫోర్నియా పద్ధతి. టెక్సస్, ఫ్లోరిడా, వాషింగ్టన్ ఒక్కోదానికి ఒక్కో దారి ఉంది, వాటి ఫారాలు వేరు, తనిఖీ చేసేవాళ్లు వేరు, కాబట్టి డాలస్‌లో ఉన్న బావగారికి ఇది ఫార్వర్డ్ చేసి ఇలాగే చెయ్యమనకండి.

ముందు మీ కారు చట్టం దృష్టిలో ఏమిటో తెలుసుకోవాలి. అసలు కోబ్రా 1962లో కరోల్ షెల్బీ ఇంగ్లండ్‌లోని ఏసీ కార్స్ వాళ్ల చిన్న కారులో ఫోర్డ్ వీ8 ఇంజిన్ పెట్టి చేసింది. మీరు చేస్తున్నది అది కాదు. మసాచుసెట్స్ నుంచి ఫ్యాక్టరీ ఫైవ్ వాళ్లు పంపిన ఫ్రేము, ఫైబర్ బాడీ, ఎక్కడి నుంచో తెచ్చిన ఇంజిన్, గేర్‌బాక్స్ కలిపి చేసిన కొత్త బండి. కాలిఫోర్నియా వెహికల్ కోడ్ సెక్షన్ 580 దీన్ని ‘స్పెషల్లీ కన్‌స్ట్రక్టెడ్ వెహికల్’ అంటుంది, డీఎంవీ కౌంటర్లో దాన్నే పొట్టిగా ఎస్‌పీసీఎన్‌ఎస్ అంటారు. సొంత వాడకానికి కట్టింది అయ్యుండాలి, అమ్మడానికి కాదు, లైసెన్స్ ఉన్న తయారీదారు కట్టింది కాకూడదు. పాత 1966 మస్టాంగ్ కొని తుప్పు గీకి మళ్లీ మస్టాంగ్‌లాగే నిలబెడితే అది ఇందులోకి రాదు, అది రిపేరు, దాని పాత టైటిలే, అంటే యాజమాన్య పత్రమే, దానికి చెల్లుతుంది.

ఇంకో సంగతి, ఫాస్ట్ యాక్ట్ అని 2015లో వచ్చిన ఫెడరల్ చట్టం గురించి ఎవరో ఒకరు మీకు చెబుతారు. అది ఏడాదికి 325 రెప్లికాల దాకా తయారుచేసి అమ్మే చిన్న కంపెనీల కోసం. మీ గరాజ్‌కి దానితో సంబంధం లేదు.

అడ్డదారి గురించి ముందే ఒక మాట

‘ఎందుకింత తంటా, నా దగ్గర ఒక పాత ఫోర్డ్ టైటిల్ ఉంది, దాని నంబర్ మీ ఫ్రేము మీద కొట్టేసుకుంటే 1965 కారుగా రిజిస్టర్ అయిపోతుంది, స్మాగ్ (కాలుష్య) పరీక్ష ఉండదు, పన్నూ తక్కువ’ అని చెప్పేవాళ్లు దొరుకుతారు. ఒకప్పుడు చాలామంది అలాగే చేశారు, ఎంతమంది అంటే చివరికి రాష్ట్రమే 2011 జూలై నుంచి 2012 జూన్ వరకు ఒక క్షమాభిక్ష పథకం పెట్టి, వచ్చి ఎగ్గొట్టిన పన్ను కట్టి సరైన పేరు మీద రిజిస్టర్ చేయించుకోండి, కేసులుండవు అని చెప్పాల్సి వచ్చింది. ఆ గడువు ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు దొరికితే నంబర్ మార్చిన నేరం ఒకటి, అబద్ధపు ప్రమాణం ఇంకొకటి, ఎందుకంటే డీఎంవీ ఫారాల్లో మీరు సంతకం పెట్టే చోట పెనాల్టీ ఆఫ్ పెర్జురీ అన్న మాట ఉంటుంది. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకీ గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్నవాళ్లకీ ఇలాంటి కేసు ఒక్కటి మీద పడితే టెన్షన్ కారుతో ఆగదు, వీసా దాకా పోతుంది.

ఇదే కారణంగా, వేరే రాష్ట్రంలో ‘1965 కోబ్రా’ అని టైటిల్ ఉన్న రెడీమేడ్ రెప్లికా చవగ్గా వస్తోందంటే తొందరపడొద్దు. అక్కడి చట్టం ప్రకారం అది సక్రమమే కావచ్చు, కానీ ఆ ఏడాది చూసి కాలిఫోర్నియా కూడా దాన్ని 1965 కారుగా ఒప్పుకుంటుందని లెక్కేసుకోకండి. ఇక్కడ అది మళ్లీ ఎస్‌పీసీఎన్‌ఎస్ క్యూలో నిలబడాల్సిందే.

హెచ్1బీ మాట వచ్చింది కాబట్టి, సరదాకి ఒక కారు కట్టుకోవడం హాబీ, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒకటి కట్టి అమ్మి, ఇంకోటి కట్టి అమ్మి లాభం చూసుకుందామనుకుంటే మాత్రం సెక్షన్ 580లోని ‘అమ్మడానికి కాదు’ అన్న ముక్క దగ్గర ఒకసారి, వీసా షరతుల దగ్గర ఇంకోసారి ఇరుక్కుంటారు.

రసీదుల ఫైలు

మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, అందుకే దీని మీద ఎక్కువసేపు చెబుతాను. ఒక మందపాటి ఫైలు కొని గరాజ్‌లోనే, టూల్ బాక్స్ పక్కన పెట్టుకోండి. పెద్ద భాగాలు నాలుగు: ఫ్రేము, బాడీ, ఇంజిన్, గేర్‌బాక్స్. ఈ నాలుగూ మీవే, దొంగ సొత్తు కాదు అని నిరూపించే కాగితం నాలుగింటికీ ఉండాలి. కిట్ కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ ఫ్రేముకీ బాడీకీ పనికొస్తుంది, అది ఒరిజినల్ ఉండాలి, ఫోటోకాపీ కాదు, దాని మీద మీ పేరు డ్రైవింగ్ లైసెన్స్‌లో ఉన్నట్టే ఉందో లేదో వచ్చిన రోజే చూసుకోండి. మనవాళ్ల ఇంటిపేరు ఒకచోట ముందూ ఒకచోట వెనకా ఉండటం, ఒకచోట పూర్తిగా ఒకచోట ఒక్క అక్షరంగా ఉండటం మామూలే కదా, ఆ తేడా కంపెనీకి మెయిల్ పెట్టి అప్పుడే సరిచేయించుకుంటే పది నిమిషాల పని.

ఇంజిన్ కొత్తది కొంటే ఇన్‌వాయిస్ చాలు, దాని మీద సీరియల్ నంబర్ రాయించుకోండి. జంక్‌యార్డ్ నుంచి పాత మస్టాంగ్ ఇంజిన్ తెస్తే, రసీదు మీద ఆ కారు విన్ నంబరూ (బండి గుర్తింపు సంఖ్య) ఇంజిన్ మీద కొట్టిన నంబరూ రెండూ ఉండాలి. యార్డు వాడు ‘ఫోర్డ్ ఇంజిన్ 1’ అని రాసిచ్చిన చీటీ పట్టుకుని బయటికి రాకండి. క్రెయిగ్స్‌లిస్ట్‌లో ఎవరో వ్యక్తి దగ్గర కొంటే బిల్ ఆఫ్ సేల్ రాయించుకోండి: అమ్మినవాడి పేరు, చిరునామా, తేదీ, ధర, ఏ భాగం, దాని నంబర్, సంతకం. అతని లైసెన్స్ ఫోటో తీసుకుంటానని మొహమాటం లేకుండా అడగండి. నంబర్ గీకేసిన ఇంజిన్ అయితే ఎంత చవకైనా అక్కడే వదిలేయండి. నగదు ఇచ్చి కాగితం లేకుండా కొన్న ఇంజిన్ సీహెచ్‌పీ (హైవే పెట్రోల్) ఆఫీసర్ ముందుకెళ్లాక మీ కారునే ఆపేస్తుంది.

చిన్న భాగాల రసీదులు కూడా పారేయకండి. వాటితో పని పన్ను దగ్గర పడుతుంది. అమ్మినవాళ్లు కాలిఫోర్నియా సేల్స్ ట్యాక్స్ వసూలు చేశారని రసీదులో కనిపిస్తే ఆ మొత్తానికి మళ్లీ కట్టక్కర్లేదు, కనిపించకపోతే రిజిస్ట్రేషన్ రోజున యూజ్ ట్యాక్స్ పడుతుంది. రాష్ట్రవ్యాప్త కనీస రేటు 7.25 శాతం, బే ఏరియాలో స్థానిక పన్నులు కలిపి అంతకన్నా ఎక్కువ. పన్ను కట్టని భాగాలు 40,000 డాలర్లవి ఉన్నాయనుకుంటే కనీస రేటు ప్రకారమే 2,900 డాలర్లు. ఒక్కో రసీదూ స్కాన్ చేసి ఒక ఎక్సెల్ షీట్‌లో వేసుకోండి, మన ఐటీ వాళ్లకి ఇది నేర్పక్కర్లేదనుకుంటా.

ఐదొందల నంబర్ల సంగతి

ఇప్పుడు స్మాగ్. ఈరోజు కట్టిన కారు ఈరోజు కాలుష్య నియమాలు పాటించాలి అంటే కార్బ్యురేటర్ ఉన్న కోబ్రా ఏ జన్మకీ పాసవ్వదు. దానికి విరుగుడుగా ఎస్‌బీ 100 అనే చట్టం 2002 నుంచి అమల్లో ఉంది. ఒక క్యాలెండర్ సంవత్సరంలో ముందుగా వచ్చిన 500 ఎస్‌పీసీఎన్‌ఎస్ బండ్లకి డీఎంవీ ఒక సర్టిఫికెట్ ఆఫ్ సీక్వెన్స్ ఇస్తుంది. అది చేతిలో ఉంటే మీ కారుని అది ఏ కాలపు కారులా ఉందో ఆ కాలపు నియమాలతోనే చూస్తారు. జనవరిలో ఆఫీసులు తెరిచిన మొదటి రోజు నుంచి లెక్క మళ్లీ ఒకటితో మొదలవుతుంది, 500 అయిపోతే ఆ ఏడాదికి అంతే.

కాబట్టి కారు పూర్తయ్యే సమయాన్ని దీన్ని బట్టి చూసుకోండి. అక్టోబరులో పూర్తయ్యేలా ఉంటే అప్పటికి నంబర్లు మిగిలాయో లేదో డీఎంవీకి ఫోన్ చేసి కనుక్కోండి, మిగలకపోతే పెయింట్ పని నిదానంగా చేయించుకుని జనవరి మొదటి వారంలో వెళ్లండి. మొత్తం ఈ 500 గొడవే వద్దనుకుంటే, షెవర్లే వాళ్ల ఈ-రాడ్ లాంటి, కాలిఫోర్నియా ఎయిర్ బోర్డు ఆమోదం ఉన్న ఇంజిన్ ప్యాకేజీ పెట్టుకునే దారి కూడా ఉంది. క్యాటలిటిక్ కన్వర్టర్లు, కంప్యూటర్, అన్నీ దానితోనే వస్తాయి. కోబ్రాలో షెవర్లే ఇంజిన్ ఏమిటని ఫోర్డ్ అభిమానులు మొహం మాడ్చుకుంటారు, అది వాళ్ల బాధ.

డీఎంవీ కౌంటర్

అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్లండి. పట్టుకెళ్లాల్సినవి: రెగ్ 343 దరఖాస్తు, రెగ్ 5036 స్టేట్‌మెంట్ ఆఫ్ కన్‌స్ట్రక్షన్, సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్, పెద్ద భాగాల రసీదులు, మీ లైసెన్స్, చెక్‌బుక్. ఏదైనా విడిగా వివరించాల్సి వస్తే రెగ్ 256 అనే స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్ ఫారం ఖాళీది ఒకటి దగ్గర పెట్టుకోండి. ఇవన్నీ డీఎంవీ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి, ఇంట్లోనే తీరిగ్గా నింపుకుని వెళ్లండి.

కౌంటర్లో కూర్చున్న మనిషి ఎస్‌పీసీఎన్‌ఎస్ కేసు అంతకుముందు చూసి ఉండకపోవచ్చు. అందుకని డీఎంవీ వాళ్ల సొంత మాన్యువల్‌లో స్పెషల్లీ కన్‌స్ట్రక్టెడ్ బండ్ల గురించిన పేజీ ప్రింట్ తీసుకెళ్లి, గొంతు పెంచకుండా ‘ఇదిగోండి, మీ మాన్యువల్‌లో ఇలా ఉంది, ఒకసారి మీ సూపర్‌వైజర్‌ని అడుగుతారా’ అనండి. వాదించి గెలిచేకన్నా ఇలా అడిగితేనే పని త్వరగా అవుతుంది. ‘కోబ్రా’ అనీ ‘1965’ అనీ మీ నోటితో మీరు అనకండి, ‘కిట్ నుంచి నేను కట్టుకున్న బండి, ఎస్‌పీసీఎన్‌ఎస్, ఎస్‌బీ 100 సర్టిఫికెట్ కావాలి’ అని అదే మాట చెప్పండి. మేక్ (తయారీ కంపెనీ) అన్న గడిలో ఫోర్డ్ అనో షెల్బీ అనో పడిందంటే దాన్ని తీయించడానికి మళ్లీ తిరగాలి. కాబట్టి స్క్రీన్ మీద ఏం కొట్టారో చూపించమని అడిగి, చూశాకే ముందుకెళ్లండి.

విలువ దగ్గర నిజం రాయండి. ఏటా కట్టే వెహికల్ లైసెన్స్ ఫీజు విలువలో 0.65 శాతం, కాబట్టి పదివేలు తగ్గించి రాసి మీరు మిగుల్చుకునేది ఏడాదికి 65 డాలర్లు. దాని కోసం పెర్జురీ సంతకం పెట్టడం తెలివైన పని కాదు.

ఫీజులూ పన్నూ కట్టాక, మిగతా తనిఖీలు పూర్తయ్యేదాకా తాత్కాలిక పర్మిట్ ఇవ్వమని అడగండి. అది ఇవ్వకపోతే తనిఖీకి తీసుకెళ్లే ఒక్క రోజుకి రెగ్ 172 మూవింగ్ పర్మిట్ ఉంటుంది. ఏ పర్మిట్ ఉన్నా ఇన్సూరెన్స్ లేకుండా రోడ్డెక్కకండి. నన్నడిగితే ట్రెయిలర్ అద్దెకు తీసుకోవడమే మంచిది, కొత్తగా బిగించిన బండి మొదటిసారి 880 హైవే మీద లారీల మధ్య నడిపి చూడాల్సింది కాదు.

మూడు తనిఖీలు

డీఎంవీ తర్వాత మీరు ఎక్కాల్సిన గుమ్మాలు మూడు. ఒక్కో చోట అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే మిగతా రెండింటి కాగితాల్లో ఏది ముందు కావాలో అడిగేయండి.

బ్రేకులూ లైట్లూ చూసే తనిఖీ సులువైనది. ఇదివరకు బ్రేక్ అండ్ ల్యాంప్ సర్టిఫికెట్ అని ఉండేది, 2024లో దాని స్థానంలో వెహికల్ సేఫ్టీ సిస్టమ్స్ ఇన్‌స్పెక్షన్ వచ్చింది. పాత వీడియోలు చూసి బ్రేక్ అండ్ ల్యాంప్ స్టేషన్ కోసం వెతక్కండి. వెళ్లేముందు మీరే ఒకసారి చూసుకోండి: హెడ్‌లైట్లు నేల నుంచి 22 అంగుళాలకు తక్కువ, 54 అంగుళాలకు ఎక్కువ ఉండకూడదు. ఇండికేటర్లు, స్టాప్ లైట్లు, హారన్, వైపర్లు, అద్దాలు, సీట్ బెల్టులు, హ్యాండ్ బ్రేకు అన్నీ పనిచేయాలి. కోబ్రాలో ఎక్కువ దెబ్బతీసేది పక్కన ఉండే సైడ్ పైపుల చప్పుడు. కాలిఫోర్నియాలో ఎగ్జాస్ట్ శబ్దానికి 95 డెసిబెల్స్ హద్దు. తనిఖీలో ఎవరూ మీటరు పెట్టకపోయినా రోడ్డు మీద పోలీసు టికెట్ రాస్తాడు, కాబట్టి సైలెన్సర్ లోపలి ప్యాకింగ్ మంచిది వేయించుకోండి.

రెండోది సీహెచ్‌పీ, అంటే హైవే పెట్రోల్. మామూలు కార్లకి విన్ నంబర్ డీఎంవీ ఉద్యోగి చూసినా సరిపోతుంది, మీ బండికి మాత్రం వీళ్లే చూడాలి. స్థానిక ఆఫీసులో విన్ ఆఫీసర్ అపాయింట్‌మెంట్ దొరకడానికి వారాలు పట్టవచ్చు, కాబట్టి డీఎంవీ పని అయిన రోజునే ఫోన్ చేసేయండి. ఆయన మీ ఫైలు తెరిచి ఇంజిన్ నంబర్, గేర్‌బాక్స్ నంబర్, ఫ్రేము నంబర్ ఒక్కోటి రసీదుతో పోల్చి చూస్తాడు, దొంగ సొత్తు జాబితాలో ఉన్నాయేమో చూస్తాడు. ఇంజిన్ నంబర్ స్టార్టర్ మోటారు వెనక దాక్కుని ఉంటే, బిగించకముందే దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి, ఒక చిన్న అద్దమూ టార్చి లైటూ కూడా తీసుకెళ్లండి. అన్నీ సరిపోతే రాష్ట్రం కేటాయించిన విన్ ప్లేటు బండికి పడుతుంది. దాని దరఖాస్తు రెగ్ 124, తనిఖీ కాగితం రెగ్ 31. ఆ ప్లేటు ఎక్కిన క్షణం నుంచే చట్టం దృష్టిలో మీ కారుకి ఒక ఉనికి.

మూడోది స్మాగ్ రెఫరీ. మామూలు స్మాగ్ షాపుకి వెళ్లి లాభం లేదు. బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్ కింద పనిచేసే రెఫరీ కేంద్రాలు వేరే ఉన్నాయి, చాలావరకు కమ్యూనిటీ కాలేజీల్లో ఉంటాయి. ఇక్కడే మీరు ఒక నిర్ణయం తీసుకోవాలి, అది ఇంట్లోనే తీసుకుని వెళ్లండి. ఏడాదిని బాడీని బట్టి నిర్ణయించాలా ఇంజిన్‌ని బట్టి నిర్ణయించాలా అన్నది చట్టం యజమానికే వదిలేసింది. మీ కోబ్రాలో కొత్త మస్టాంగ్ నుంచి తీసిన కొయోటీ 5.0 ఇంజిన్ ఉందనుకోండి, ‘ఇంజిన్’ అన్నారో అది ఏ కాలపుదో ఆ కాలపు కాలుష్య పరికరాలన్నీ అడుగుతారు. ‘బాడీ’ అంటే 1965 కారుని పోలి ఉంది కాబట్టి 1965. కాలిఫోర్నియాలో 1975, అంతకుముందు మోడళ్లకి రెండేళ్లకోసారి స్మాగ్ పరీక్ష లేదు, కాబట్టి అక్కడితో ఆ బాధ తీరుతుంది.

అదే మీ కిట్ 1990ల నాటి ఏదో సూపర్‌కారుని పోలి ఉండి, ఇంజిన్ మాత్రం కార్బ్యురేటర్ ఉన్న పాత చిన్న షెవర్లే 350 అయితే లెక్క తిరగబడుతుంది, అప్పుడు ఇంజిన్ వైపు వెళ్లాలి. ఏ కంపెనీ కారునీ పోలని విచిత్రమైన బాడీ అయితే దానికి 1960 అని ఇస్తారు, ఇంజిన్ దేన్నీ పోలకపోయినా అంతే. అంటే సొంత డిజైన్ వాళ్లకి చట్టం పెద్ద మనసు చూపించినట్టే. ఒప్పుకున్న ఏడాదికి వర్తించే పరికరాలు మాత్రం ఉండాలి, 1960ల కారంటే పీసీవీ వాల్వ్ లాంటి చిన్నవి, అవి ముందే బిగించుకుని వెళ్లండి. మీరు అంటున్న ఏడాది అసలు కారు ఫోటోలు రెండు మూడు ప్రింట్ తీసుకెళితే రెఫరీ పని సులువవుతుంది. చివర్లో ఆయన అంటించే స్టిక్కర్‌ని పెయింట్ పని పేరుతో ఎవరినీ పీకనివ్వకండి.

ప్లేటు, ఇన్సూరెన్స్, మిగిలినవి

కాగితాలన్నీ తీసుకుని మళ్లీ డీఎంవీకి వెళితే రిజిస్ట్రేషన్, ప్లేట్లు ఇస్తారు, టైటిల్ తర్వాత పోస్టులో వస్తుంది. హిస్టారికల్ ప్లేటు అడగకండి, అది నిజంగా పాత కార్లకే. కోబ్రా మీద బాగుండేది నల్ల పలక మీద పసుపు అక్షరాల 1960ల లెగసీ ప్లేటు, మామూలు ఫీజుకి అదనంగా 50 డాలర్లు, దానికి కారు వయసుతో పని లేదు.

ఇన్సూరెన్స్ విషయంలో మీ రోజువారీ కారు పాలసీలో దీన్ని కలిపేయకండి. 2025 జనవరి నుంచి రాష్ట్రంలో కనీస లయబిలిటీ ఒక మనిషి గాయాలకి 30,000, ఒక ప్రమాదంలో అందరికీ కలిపి 60,000, ఆస్తి నష్టానికి 15,000 డాలర్లు, అది చట్టానికి చాలు కానీ మీ కారుకి చాలదు. ఎస్‌పీసీఎన్‌ఎస్ అని చూడగానే మామూలు కంపెనీ దీనికి మార్కెట్ ధర లేదంటుంది. హ్యాగర్టీ లాంటి వాళ్లు అగ్రీడ్ వాల్యూ పాలసీ ఇస్తారు, అంటే పోతే ఎంత ఇవ్వాలో ముందే రాసుకుంటారు. బిగిస్తున్నప్పుడు, ఇంకా కారు కాని భాగాలకి కూడా వాళ్ల దగ్గర కవరేజీ ఉంది. ఫైబర్ బాడీ, పెట్రోలు, వెల్డింగు ఒకే గరాజ్‌లో ఉంటాయి కాబట్టి అది కిట్ వచ్చిన వారంలోనే తీసుకోండి.

ఇదంతా చదివి ‘రిటైరయ్యాక దీన్ని విజయవాడ పట్టుకుపోతా’ అనుకునేవాళ్లు ఆ ఆశ వదులుకోవడం మంచిది. ఇండియాలో ఇంట్లో కట్టిన కారుకి ఇలాంటి వెసులుబాటు లేదు, ఏఆర్‌ఏఐ లాంటి సంస్థల పరీక్షల్లో మోడల్ పాసవ్వాలి, అది కంపెనీలు పెట్టుకునే ఖర్చు. మహారాష్ట్రలో పాత సామానుతో చిన్న జీపు కట్టిన ఒకాయన వీడియో 2021 చివర్లో తిరిగినప్పుడు ఆనంద్ మహీంద్రా, ఎలాగూ అధికారులు దీన్ని ఆపేస్తారు కాబట్టి ఆ బండి మాకివ్వండి, బదులుగా బొలేరో ఇస్తాను అన్నారు, ఇచ్చారు కూడా.

టైటిల్ చేతికొచ్చాక మేక్, విన్, మీ పేరు అక్షరం అక్షరం సరిచూసుకుని, రసీదుల ఫైల్లోనే దాన్నీ పెట్టేయండి. ఎప్పుడైనా కారు అమ్మాల్సి వస్తే కొనేవాడు మొదట అడిగేది ఆ ఫైలునే.